అడ్డుతెర అవతల వందో బొమ్మ

డ్రయర్ తలుపు తీయగానే వేడి నూలుగుడ్డ వాసన ముఖానికి తగిలింది. ఆ వాసనలో ఎక్కడో అడుగున పసుపు ఉంది. ఎన్నిసార్లు ఉతికినా పోదు. లేదా అది ఎప్పుడో పోయి ఉంటుంది, నా ముక్కే దాన్ని వదలడం లేదేమో. బయట హామిల్టన్‌లో ఈ ఏటి మొదటి మంచు పడుతోంది. రేపు శనివారం, పిల్లలు వస్తారు. గుడ్డను బల్ల మీద పరిచి చేత్తో సాపు చేస్తుంటే ఒక అంచున లేత గోధుమరంగు మరక కనపడింది. అది జీలకర్ర బెల్లం మరక. తెనాలిలో ఒక పెళ్ళిలో, తెర దించే తొందరలో పెళ్ళికొడుకు చెయ్యి తగిలి అంటుకున్నదట.

ఆ పెళ్ళి నాది కాదు, మా ఇంట్లోవాళ్ళదీ కాదు. సీతారత్నం గారిది. పెళ్ళయిపోయాక అడ్డుతెర ఏమైందని మామూలుగా ఎవరూ అడగరు. ఆవిడ మాత్రం దాన్ని పెట్టెలో పెట్టుకుని అమెరికా మీదుగా కెనడా దాకా తెచ్చుకున్నారు. ఓక్‌విల్‌లో తమ ఇంటి బేస్‌మెంట్‌లో ఒక పొడుగాటి బల్లకు అడ్డంగా కట్టి, ఇటొకరిని అటొకరిని కూర్చోబెట్టి పిల్లలకు లెక్కలు చెప్పారు. నాకూ చెప్పారు. అప్పటికే నేను లెక్కల్లో డిగ్రీ పుచ్చుకుని ఉన్నాను కాబట్టి నాకు చెప్పడం ఆవిడకు ఇంకా కష్టమైంది.

ఆ రోజుల్లో హైదరాబాదులో విమానం ఎక్కితే ముందు సీట్లో ఒక స్టూడెంటు, వెనక సీట్లో ఒక స్టూడెంటు. అందరి చేతుల్లోనూ ఒకేలాంటి ఫైలు, అందరి సూట్‌కేసుల్లోనూ ఒకేలాంటి పచ్చడి సీసాలు. నేను సిద్దిపేట నుంచి వచ్చాను. బీఎస్సీ మ్యాథ్స్, కాలేజీ ఫస్టు. కన్సల్టెన్సీ అతను ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ తీసుకోమంటే తీసుకున్నాను. ఏ ప్రాజెక్టు, ఎవరి మేనేజ్‌మెంటు అని అడగాలని కూడా తట్టలేదు. హామిల్టన్‌లో అమ్మాయిలం కలిసి ఒక ఇల్లు తీసుకున్నాం. పొద్దున కాలేజీ, సాయంత్రం కాఫీ షాపు. కౌంటర్ దగ్గర నిలబడి మూతలు పెడుతూ, నాకు లెక్కలు వచ్చు అని నాలో నేను అనుకునేదాన్ని. దేశం కాని దేశంలో నాది అని చెప్పుకోవడానికి ఆ ఒక్క మాటే మిగిలింది.

ఇండియన్ కిరాణా షాపులో గోడకు అంటించిన కాగితం చూసి ఆవిడకు ఫోన్ చేశాను. శనివారం క్లాసులో సాయానికి లెక్కలు వచ్చి, వినగలిగిన మనిషి కావాలని ఉంది అందులో. లెక్కలు వచ్చి అన్నదగ్గరే నా కళ్ళు ఆగిపోయాయి. మిగతా సగం నాకు ఎక్కడానికి చాలాకాలం పట్టింది.

రత్నం గారు పొట్టిగా ఉంటారు. పెద్ద కళ్ళద్దాలు, పంజాబీ డ్రెస్ మీద ఊలు స్వెట్టరు, కాళ్ళకు రెండు జతల సాక్సులు. ఇక్కడి హైస్కూల్లోనే ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పొగడ్తలు ఆవిడకు చేతకావు. బాగుంటే ఒక రకం ఊఁ, బాగాలేకపోతే ఇంకో రకం ఊఁ. మొదటిరోజు నన్ను కూర్చోమని కూడా అనకుండా బల్ల మీద ప్లాస్టిక్ బిళ్ళలు పేర్చడం మొదలుపెట్టారు. బిస్కెట్ సైజులో చదరపు బిళ్ళలు. మధ్యలో ఒక నీలం బిళ్ళ, దాని చుట్టూ తెల్లవి. పక్కనే నాలుగు నీలం బిళ్ళల చదరం, దాని చుట్టూ తెల్లవి. ఆ పక్కన తొమ్మిది నీలం, చుట్టూ తెల్లవి. నీలం కొలను, తెల్లది గట్టు అనుకోమన్నారు. ఎన్నో బొమ్మ అడిగినా దాని గట్టుకు ఎన్ని బిళ్ళలు పడతాయో సూత్రం కావాలి. ఎనిమిది, పన్నెండు, పదహారు. నాకు లోపల నవ్వొచ్చింది. ఇంటర్లో నిద్రలో లేపి అడిగినా చెప్పే లెక్క అది. మొదటిది ఎనిమిది, తేడా నాలుగు. ఆవిడ బల్ల మీంచి చెయ్యి తీసేలోపే నాలుగు ఎన్ ప్లస్ నాలుగు అని చెప్పేశాను.

"ఆ ప్లస్ నాలుగు ఎక్కడుంది?" అన్నారు.

"సూత్రంలో ఉంది కదా మేడం."

"సూత్రంలో ఉంది, సరే. బల్ల మీద ఎక్కడుంది? వేలు పెట్టి చూపించు."

చూశాను. తెల్ల బిళ్ళలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. వాటిలో ఏ నాలుగింటిని చూపించాలో తెలియలేదు. ఆవిడ లేచి, బల్లకు అటూ ఇటూ ఉన్న రెండు కర్రలకు ఒక పసుపు అంచు తెల్లగుడ్డ కట్టారు. అది అడ్డుతెర అని చూడగానే తెలిసింది, కానీ అక్కడ దానికేం పనో తెలియలేదు. ఆవిడ వెళ్ళి అవతలివైపు కూర్చున్నారు. తెర మీద ఆవిడ నీడ కూడా పడలేదు, గొంతు మాత్రం వినపడింది. తనకేమీ కనపడదని, వందో బొమ్మ ఎలా ఉంటుందో చెప్తే పేరుస్తానని అన్నారు. నేను గర్వంగా నాలుగు వందల నాలుగు బిళ్ళలు అన్నాను.

"సరే, నాలుగొందల నాలుగూ తెచ్చుకున్నా," అంది తెర. "ఇప్పుడెక్కడ పెట్టమంటావ్?"

ఆవిడ చాలాసేపు ఓపిగ్గా ఎదురుచూశారు. ఆ ఓపికే నన్ను ఎక్కువ బాధపెట్టింది. చివరికి తెర పక్కకు తీసి, క్రిస్మస్ సెలవుల దాకా ప్రతి శనివారం వచ్చి పిల్లల పక్కన కూర్చోమని, పిల్లలకు చెప్పగలనో లేదో ఆ తర్వాత చూద్దామని అన్నారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడుపు ఆపుకున్నాను. నావి అనుకున్న లెక్కలు నావి కావేమో, వాటి పాస్‌వర్డ్ మాత్రమే నా దగ్గరుందేమో అనిపించింది. అదీ పోతే ఈ ఊళ్ళో నేనెవరు, కాఫీ కప్పులకు మూతలు పెట్టే అమ్మాయిని. అలా అనుకుంటూ కిటికీ చట్రం వైపు చూస్తున్నాను. అద్దానికి నాలుగు పక్కలా నాలుగు పట్టీలు, మూలల్లో నాలుగు మేకులు. ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నాను. కొలనుకు ఎంత పొడుగుంటే ప్రతి పక్కా గట్టు అంతే. నాలుగు పక్కలకు నాలుగు ఎన్. ఏ పక్కకూ చెందకుండా మూలల్లో మిగిలిన బిళ్ళలే ఆ ప్లస్ నాలుగు. పక్కలకు వందేసి పెట్టి, మూలకొకటి పెట్టమంటే సరిపోయేది, రత్నం గారు వందో బొమ్మ పేర్చేవారు. ఎన్నేళ్ళుగానో నోటికి వచ్చిన సూత్రానికి ఒక ఆకారం ఉందని, దాన్ని వేలితో తాకవచ్చని నాకు ఆ బస్సులోనే తెలిసింది. దిగాల్సిన స్టాపు దాటిపోయి చలిలో వెనక్కి నడిచాను, అయినా కోపం రాలేదు.

ఆ తర్వాతి శనివారాలు నేను నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకున్నాను. అదే కొలను బొమ్మను ఆవిడ పిల్లలకిచ్చారు. తెరకు ఇటువైపు పిల్ల చెప్తుంది, అటువైపు పిల్ల పేరుస్తుంది. మాటలు తప్ప ఏమీ తెర దాటకూడదు. ఒక పాప పైనా కిందా పొడుగు వరసలు రెండు, పక్కల పొట్టివి రెండు అంది. ఇంకొక పిల్లాడు ప్రతి పక్కకూ ఒక మూలను కలిపి నాలుగు సమానమైన ముక్కలు చేసి, అవి రైలాటలో పిల్లల్లా ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయన్నాడు. మరొకరికి గట్టే కనపడలేదు, ముందు అంతా తెల్లగా పెద్ద చదరం వేసి మధ్యలో కొలను తవ్వేశారు. ఎవరు చూసినట్టు వాళ్ళు సూత్రం రాస్తే, బస్సులో నేను చూసినదీ కలిపి నాలుగు రకాలుగా వచ్చింది. వాటిలో ఏది కరెక్టో రత్నం గారు చెప్పలేదు. బ్రాకెట్లు విప్పి చూసుకోమన్నారు. విప్పితే అన్నీ వచ్చి ఒకేచోట కలిశాయి. తమ కళ్ళు వేరు, దారులు వేరు, చేరిన చోటు ఒకటే అని చూసి ఆ పిల్లలు నోళ్ళు తెరిచారు. నేను పిల్లల్ని కాదు, ఆవిడను చూస్తున్నాను. ఎన్ని వందలసార్లు చూసి ఉంటారో ఆ గట్టును, అయినా కుర్చీ అంచుకు జరిగి, మెడ ముందుకు చాచి, ఇంతకుముందు ఎవరూ చూడనిదేదో బయటపడబోతున్నట్టు చూస్తున్నారు.

తెర దించే ముందు అందరూ నిశ్శబ్దంగా ఉండాలి. అది ఆవిడ పెట్టిన రూలు. సరిగ్గా ఆ సమయానికే వాళ్ళాయన ప్రకాశరావు గారు టీ ట్రేతో మెట్లు దిగేవారు. ఒకసారి నాతో చాలా గంభీరంగా, "మా పెళ్ళిలో ఈ తెర దించినప్పుడు నాక్కనపడిన బొమ్మకి ఇంతవరకూ సూత్రం దొరకలేదమ్మా స్వప్నా" అన్నారు. టీ అక్కడ పెట్టి వెళ్ళమన్నారు ఆవిడ, తలెత్తకుండా. కానీ చెంపలు కొంచెం ఎర్రబడ్డాయి.

డిసెంబర్లో తన్వి వచ్చింది. ఏడో తరగతి. వాళ్ళమ్మ ఆ పిల్లను మెట్ల దగ్గర నిలబెట్టే, దీనికి మ్యాథ్స్ అస్సలు ఎక్కదండీ, ఎన్ని క్లాసులు మార్చామో అని తెలుగులో చెప్పింది. తన్వికి తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబే ఇంగ్లీషులో ఇస్తుంది, అదీ ఇస్తే. ఆ మాటకు ఆ పిల్ల తల వంచుకుని జాకెట్ జిప్పు పైకీ కిందకీ లాగుతూ నిలబడింది. క్లాసులో కూడా భుజాలెగరేయడం తప్ప మాట్లాడేది కాదు. సెలవులకు ముందు చివరి శనివారం రత్నం గారు నన్నూ తన్వినీ జోడీ చేశారు. తన్వి చెప్పాలి, నేను పేర్చాలి. అది నాకు పరీక్ష అని తెలుస్తూనే ఉంది. పిల్లలకు చెప్పగలనో లేదో తేల్చే రోజు అదే.

తన్వి చేతిలో నలుపు గీతలతో వేసిన మూడు బొమ్మల కాగితం ఉంది. నాలుగో బొమ్మ తను ఊహించి, పేర్చుకుంటూ నాకు చెప్పాలి. తెర వెనక నుంచి ముందు జాకెట్ జిప్పు లాగుతున్న చప్పుడు వచ్చింది. తర్వాత సన్నగా, మొదటిది ఒకటి, రెండోది అయిదు, మూడోది పదమూడు, డైమండ్‌లా ఉంటుంది అంది. ఇక నా చేతులు ఆగలేదు. ఒకటి, మూడు, అయిదు, మళ్ళీ మూడు, ఒకటి. అంటే నాలుగో బొమ్మలో మధ్య వరస ఏడు, మొత్తం ఇరవై అయిదు. తన్వి ఇంకా ఏదో నెమ్మదిగా చెప్తూనే ఉంది, నేను పసుపు బిళ్ళల పళ్ళెం దగ్గరకు లాక్కుని వరసలు వేసేశాను. పైనున్న వరసలు కలిపితే పదహారు, కిందవి కలిపితే తొమ్మిది, రెండు వర్గాల మొత్తం. సూత్రం కూడా మనసులో సిద్ధమైపోయింది.

రత్నం గారు తెర దించారు. రెండు డైమండ్లూ ఒకే ఆకారం, ఒకే లెక్క. మిగతా పిల్లలు చప్పట్లు కొట్టారు. నాదంతా పసుపు. తన్విది ఎరుపు, నీలం. రెండు రంగులెందుకు వాడాలనిపించిందని ఆవిడ తన్విని ఇంగ్లీషులో అడిగారు. తన్వి నా పసుపు బొమ్మ వైపు చూసింది.

"ఐ టోల్డ్ హర్," అంది. "షీ డిడ్ నాట్ వెయిట్."

రత్నం గారు నా బిళ్ళలన్నీ పళ్ళెంలోకి తోసేసి మళ్ళీ తెర కట్టారు. వెళ్తూ వెళ్తూ నా చెవి దగ్గర వంగి, "ఈసారి ఆ పిల్ల చెప్పిందే పెట్టు. నీకు తెలిసింది పెట్టొద్దు" అన్నారు. నేను రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను. తన్వి మొదలుపెట్టింది. ముందు ఎర్రవి. పక్కపక్కన కాదు, మూలకు మూల తగిలేలా, ఏటవాలుగా నాలుగు. దాని కింద మళ్ళీ ఏటవాలుగా నాలుగు. అలాంటి వరసలు నాలుగు. ఒక్కొక్క మాటకూ మధ్య ఎంత ఖాళీ ఉండేదంటే ఆ ఖాళీలో దూరిపోయి చెప్పేయాలని నా గొంతు దురద పెట్టేది. చెప్పలేదు. ఎర్ర బిళ్ళల మధ్య చదరపు కన్నాలు మిగిలాయి. వాటిలో నీలం పెట్టమంది. పెట్టాను. ఆఖరి నీలం బిళ్ళ కన్నంలో కూర్చోగానే నాకు కనపడింది. డైమండ్ అనేది అసలు లేదు. ఒక చదరం మూల మీద నిలబడి ఉంది, నాలుగుకు నాలుగు. దాని కన్నాల్లో ఇంకో చదరం దాక్కుని ఉంది, మూడుకు మూడు. పదహారు, తొమ్మిది. నేను వరసలు కూడి తెచ్చిన ఆ రెండు వర్గాలూ నిజంగా చదరాలై మొదటినుంచీ అక్కడే కూర్చుని ఉన్నాయి.

వందో బొమ్మ చెప్పమన్నారు రత్నం గారు. తన్వి ఈసారి ఆలోచించలేదు. వందకు వంద ఎర్రవి, కన్నాల్లో తొంభై తొమ్మిదికి తొంభై తొమ్మిది నీలం అంది. చిన్నపిల్ల నోట్లోంచి, ఎవరూ ఎప్పటికీ పేర్చలేని బొమ్మ, అందరికీ కనపడేలా.

ఆవిడ తెర దించి బల్ల చుట్టూ తిరిగి మూలకు వచ్చి నిలబడ్డారు. తల పక్కకు వంచారు. కళ్ళద్దాలు తీసి స్వెట్టరుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. ముప్ఫై ఏళ్ళుగా ఈ బొమ్మ చెప్తున్నానని, ఈ మూల నుంచి ఒక్కసారీ చూడలేదని పిల్లలందరి ముందూ అన్నారు. తర్వాత మళ్ళీ తెర కట్టి, నన్ను లేవమని, నా కుర్చీలో తాను కూర్చున్నారు.

"మళ్ళీ చెప్పు తన్వీ," అన్నారు. "ఈసారి నాకు."

తన్వి వాళ్ళమ్మ అప్పుడే కూతుర్ని తీసుకెళ్ళడానికి మెట్లు దిగుతూ ఏదో అనబోయింది. రత్నం గారు ఒక చెయ్యెత్తి ఆవిణ్ణి ఆపారు, రెండో చేతిలో ఎర్ర బిళ్ళ. ఆ అమ్మ అలాగే మెట్టు మీద నిలబడిపోయి, తన కూతురు చెప్తుంటే ఆ పెద్దావిడ ఒక్కొక్క బిళ్ళే పెట్టడం మొత్తం చూసింది. నేను నా జీవితంలో గుళ్ళు చాలా చూశాను, అంత భక్తి కలిగిన చోటు మాత్రం ఆ బేస్‌మెంటే.

ఆ రోజు రత్నం గారు నన్ను కారులో బస్ స్టాప్ దాకా దింపారు. నేను పరీక్ష తప్పానని తెలుసు కాబట్టి, ఇన్నాళ్ళు రానిచ్చినందుకు థ్యాంక్స్ చెప్పి దిగబోయాను. జనవరి నుంచి చిన్నపిల్లల బ్యాచ్ నాదే అన్నారు. నాకు అర్థంకాక, మొదటిసారి తప్పు చేశాను కదా ఆంటీ అన్నాను.

"ఊఁ. రెండోసారి నీ చేతులాగాయి," అన్నారు. "లెక్కలు వచ్చినవాళ్ళు నాకు బోలెడుమంది దొరుకుతారు స్వప్నా. చేతులాగేవాళ్ళు దొరకరు."

అప్పుడు ఏడ్చాను, దాచుకోకుండా. లెక్కలు నావేనా అన్న ప్రశ్న ఆ చలికాలం పొడుగునా నన్ను తినేసింది. అవి ఎవరివీ కావని, చెప్పేవాళ్ళకూ వినేవాళ్ళకూ మధ్య పుడతాయని ఆవిడ వివరించలేదు. ఇండికేటర్ వేసి వెళ్ళిపోయారు.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. నా చదువు అయింది, వర్క్ పర్మిట్ వచ్చింది, హామిల్టన్‌లోనే ఆఫీసు ఉద్యోగం దొరికింది, శనివారాలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ప్రకాశరావు గారు పోయాక రత్నం గారు ఇల్లు అమ్మి వాంకూవర్లో కూతురి దగ్గరకు వెళ్ళారు. వెళ్ళేముందు బిళ్ళల డబ్బా, దాని మీద మడతపెట్టిన అడ్డుతెర నా చేతిలో పెట్టారు. మీ పెళ్ళిది, నాకెందుకు ఆంటీ అంటే, ఆయనే లేరు, ఇక నేనెవరికి అడ్డం కట్టాలి అన్నారు. అప్పటినుంచి శనివారం క్లాసవగానే ఫోన్ చేసేదాన్ని. వీడియో పెడతానంటే ఒప్పుకునేవారు కాదు. ఫోనే తెర. పిల్లలు చూసిన బొమ్మ నేను చెప్పాలి, ఆవిడ అక్కడ కళ్ళు మూసుకుని పేర్చుకోవాలి.

చివరి ఫోన్ హాస్పిటల్ గదిలోకి. వాళ్ళమ్మాయి చెవి దగ్గర పట్టుకుంది. గొంతు దాదాపు లేదు. ఎలా ఉన్నారని అడగబోతే, ఈ వారం పిల్లలేం చూశారని ఆవిడే అడిగారు. తెలుగు అక్షరం రాని ఒక చిన్నది చెప్పిన బొమ్మ చెప్పాను. మూలలో ఒక బిళ్ళ, దాని నుంచి ఇటొక చెయ్యి, అటొక చెయ్యి. మొదటి బొమ్మకు చేతుల్లేవు, మూలే. రెండోదానికి చెరొకటి. వందోదానికి ఇటు తొంభై తొమ్మిది, అటు తొంభై తొమ్మిది. ఊఁ అన్నారు. బాగుంది అనే ఊఁ. ఇప్పుడు అన్నిటినీ ఒకదాని ఒళ్ళో ఒకటి కూర్చోబెట్టండి ఆంటీ అన్నాను. ఒకటోది రెండోదాని ఒళ్ళో, ఆ రెండూ మూడోదాని ఒళ్ళో, అలా వందోదాని దాకా. అటువైపు ఊపిరి మాత్రమే వినపడింది. నాకు తొందరగా చెప్పేయాలనిపించింది, ఆవిడ అలిసిపోతారని భయం వేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆగాను.

"కనపడింది," అన్నారు. "పెద్ద చదరం. ఎక్కడా ఖాళీ లేదమ్మా."

వాళ్ళమ్మాయి ఫోన్ తీసుకుని, అమ్మ నవ్వుతోంది అని చెప్పింది.

ఆవిడ పోయాక, జూమ్‌లో ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళందరూ కలిసినప్పుడు, రత్నం గారి గురించి నన్ను చెప్పమన్నారు. ఎన్నేళ్ళు పాఠాలు చెప్పారో, ఎంతమంది పిల్లలో చెప్పబోయి నోరు తడబడింది. నాలుగు వందల నాలుగు బిళ్ళలు తెచ్చాను, ఎక్కడ పెట్టాలి? అందుకని ఆ రోజు ఏమీ చెప్పలేక, ఇది చదువుతున్న మీరు ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు కాబట్టి, ఇప్పుడు ఇలా ఒకటో బొమ్మ, రెండో బొమ్మ, మూడో బొమ్మ చెప్తున్నాను.

పొద్దున్నే మంచు ఆగింది. పిల్లలు బూట్లు విప్పి వచ్చారు. వేడి తగ్గిన అడ్డుతెరను రెండు కర్రలకు కట్టి నేను ఒకవైపు కూర్చున్నాను. అవతలివైపు కొత్తగా చేరిన పాప, ఎవరో మళ్ళీ మెట్ల దగ్గరే వీక్ అని చెప్పి వెళ్ళిన పాప. కాగితం చప్పుడైంది, తర్వాత ఏమీ లేదు. చాలాసేపటికి, "ఆర్ యూ లిజనింగ్?" అంది తెర అవతల నుంచి. ఉన్నానమ్మా, చెప్పు అన్నాను. నా రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.